పంతొమ్మిది జతల గ్లవుజులు

కత్తయ్య అనేది అతని అసలు పేరు కాదు. నెలకు రెండు సాయంత్రాలు ఒరలోంచి తీసిన కత్తి పట్టుకుని, మూసిన తలుపు ముందు నిలబడటం అతని ఉద్యోగం. అందుకని వీధి వీధంతా అలాగే పిలిచేది. ఆ కత్తి వట్టి మొద్దుది. దానితో ఉల్లిపాయ కూడా తెగదని అతని భార్య కోసి చూసి మరీ చెప్పింది. అయినా ముప్పై ఎనిమిదేళ్ళు ఆ కత్తిని భుజానికి ఆనించుకుని, రాజ్యానికి కాపలా కాస్తున్నవాడిలా నిలబడ్డాడు మహానుభావుడు. లోపల పంతొమ్మిది మంది పెద్దమనుషులు నడుముకు తోలు ఏప్రన్లు కట్టుకుని, చేతులకు తెల్ల గ్లవుజులు తొడుక్కుని, ఒకరినొకరు 'సోదరా' అనుకుంటూ ఏదో చేసుకునేవారు. ఏం చేసుకునేవారో బయటివాళ్ళకు తెలియకూడదు. తెలియకుండా చూడటానికే కత్తయ్య.

అది ఫ్రీ మేసన్లనే రహస్య సంఘంవాళ్ళ లాడ్జి, అంటే వాళ్ళ సభామందిరం. గుమ్మం మీద బోర్డు చూసి, సంచులు దించుకుని, గది దొరుకుతుందా అని అడిగే ప్రయాణికులను కసిరి పంపడం కూడా అతని పనే. వీధిలోవాళ్ళు దాన్ని దయ్యాల బంగళా అనేవారు. లోపల పుర్రెలున్నాయనీ, కొత్తవాణ్ణి శవపేటికలో పడుకోబెడతారనీ చెప్పుకునేవారు. ఎవరైనా వచ్చి నిజమేనా అని అడిగితే కత్తయ్య ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు. "మా సంగతులు మేం బయట చెప్పకూడదు" అనేవాడు. ఆ 'మేం' అనే మాటలోనే ఉంది అతని జబ్బంతా.

నిజానికి లోపల ఏముందో అతనికి అంగుళం అంగుళం తెలుసు. రోజూ ఊడ్చేది అతనే కదా. నలుపు తెలుపు గళ్ళ నేల, రెండు చెక్క స్తంభాలు, మూడు కొవ్వొత్తుల స్టాండ్లు, తూర్పు గోడకు మూడు మెట్ల ఎత్తున అధ్యక్షుడి కుర్చీ. అతను పుట్టింది ఆ భవనం వెనక ఉన్న రెండు గదుల ఇంట్లో. అంతకు ముందు ఆ కత్తి పట్టుకున్నది అతని తండ్రి. ఖాళీగా ఉన్న ఆ హాలు కత్తయ్యకు సొంత ఇల్లంత చనువు. మనుషులున్నప్పటి హాలు మాత్రం అతను ఒక్కసారి కూడా చూడలేదు. తలుపు మూసుకుంటుంది, లోపల మూడు సుత్తి దెబ్బలు వినిపిస్తాయి, అంతే.

ఆ లాడ్జికి నూరేళ్ళు నిండబోతున్న సంవత్సరం కార్యదర్శికి చరిత్ర రాయాలని బుద్ధి పుట్టింది. కార్యదర్శి పళ్ళ డాక్టరు. మంచి మాటకారి. అయితే మొదటి నలభై ఏళ్ళ రిజిస్టర్లు చెదలు తినేశాయి. మిగిలినవి వానకు తడిసి అట్టల్లా అతుక్కుపోయాయి. చివరికి ఎవరో గుర్తు చేశారు, కత్తయ్యను అడగండి, వాడికన్నీ నోటికొచ్చు అని.

అలా నాలుగు నెలలపాటు రోజూ మధ్యాహ్నం, పేషెంట్లు లేని వేళ, కత్తయ్య ఆ పళ్ళ డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని లాడ్జి చరిత్ర చెప్పాడు. "ఈ కుర్చీలో ఇంత సంతోషంగా నోరు తెరిచినవాడివి నువ్వొక్కడివేనోయ్" అనేవాడు డాక్టరు. మొదటి సభ ఒక సారా గోదాము మేడ మీద జరిగిందనీ, స్థాపకుల్లో ఒక రైల్వే ఇంజనీరూ, ఒక బడుల తనిఖీ అధికారీ ఉండేవారనీ చెప్పాడు. అధ్యక్షుడి కుర్చీ కోసం ఇద్దరు సోదరులు జుట్టూ జుట్టూ పట్టుకుంటే ఏడాదిపాటు తలుపులు మూసేసిన సంగతీ చెప్పాడు. వరద వచ్చినప్పుడు తన తండ్రి ఆ రెండు స్తంభాలనూ వీపు మీద మేడ ఎక్కించాడనీ, రెండోది జారి అతని తుంటి విరిగిందనీ, ఆ తర్వాత బతికినంత కాలం కర్ర సాయంతోనే నడిచాడనీ చెప్పాడు. డాక్టరు రాసుకుని చదివి వినిపించాడు: "ఆ వరదలో ఎడమవైపు స్తంభానికి స్వల్పంగా దెబ్బ తగిలింది." పోనీలే, స్తంభం సంగతైనా ఎక్కింది కదా అని మురిసిపోయాడు ఈ అమాయకుడు.

పుస్తకం చివర నూరేళ్ళ సభ్యుల జాబితా. నాలుగు వందల పన్నెండు పేర్లు. అందులో మూడు వందల పైచిలుకు కత్తయ్య నోటినుంచి వచ్చినవే. తండ్రి చెప్పగా విన్నవి, తను చూసినవి, ఒక్కటి తప్పు పోకుండా ఏకరువు పెట్టాడు. చివరి పేరు రాసుకుని డాక్టరు కళ్ళజోడు తీసి, మనసు నిండిపోయి, "నీ పేరు లేకుండా ఇదేం చరిత్రయ్యా!" అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాడు కత్తయ్య. సభ్యుడిగా చేరతాననీ, నాలుగు వందల పదమూడో పేరు తనదేననీ భార్యతో చెప్పాడు.

"ఆయన మర్యాదకన్నాడయ్యా," అంది ఆమె, గిన్నె తోముతూ తలెత్తకుండానే. "పన్ను పీకే ముందు ప్రతివాడితోనూ ఏం నొప్పుండదనే మనిషి ఆయన."

"నీకు తెలీదులే. మేం ఒకళ్ళనొకళ్ళం సోదరులనుకుంటాం."

"వాళ్ళనుకుంటారు. నువ్వు తలుపవతల వింటావు. అయినా ముప్పై ఎనిమిదేళ్ళు బయట నిలబడ్డావు, ఇప్పుడు లోపలికెళ్ళి ఏం చేస్తావు?"

"కూచుంటాను," అన్నాడతను.

ఆమె నవ్వింది. కానీ అతను నవ్వలేదు. అతను కోరింది అంతే. ఒక్క సాయంత్రం తలుపు మూసుకున్నప్పుడు తను లోపలి వైపు ఉండాలి, ఆ తర్వాత పుస్తకంలో తన పేరు ఉండాలి. ఇంత చిన్న కోరిక కోరినవాణ్ణి చూస్తే నాకు జాలికంటే ముందు ఒళ్ళు మండుతుంది.

దరఖాస్తు చూసి డాక్టరు కాసేపు నీళ్ళు నమిలాడు. తర్వాత నవ్వు తెచ్చుకుని సంతకం పెట్టాడు. రెండో సంతకం అధ్యక్షుడిది. ఆయనకు కలప డిపో ఉంది, గొంతు కూడా రంపంలాగే ఉంటుంది. ఆయన కత్తయ్య భుజం మీద చరిచి, "ఇన్నాళ్ళూ ఎందుకడగలేదురా!" అన్నాడు. ఆ చరుపుకు కత్తయ్య వారం రోజులు భూమ్మీద నడవలేదు.

ఇక ఓటింగు సంగతి చెప్పాలి. కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే అందరూ ఒప్పుకోవాలి. దానికొక చెక్క పెట్టె ఉంది. ఎడమ అరలో తెల్లని చెక్క బంతులు, కుడి అరలో నల్లవి. రెండింటికీ ముందు ముఖమల్ తెర ఉంటుంది. ఒక్కొక్క సభ్యుడూ వచ్చి, తెర వెనక ఏదో ఒక అరలో చెయ్యి పెట్టి, ఒక బంతి తీసి, మధ్యలో ఉన్న కంతలో వేస్తాడు. ఎవరు ఏది వేశారో ఎవరికీ కనిపించదు. ఒక్క నల్లబంతి పడినా ఆ మనిషికి తలుపు మూసుకున్నట్టే. లెక్క చూసిన వెంటనే కార్యదర్శి బంతులన్నీ ఎక్కడివక్కడ పోసేస్తాడు. ఇంత గుట్టుగా జరిగే వ్యవహారంలో పెద్దమనుషులు ఒకచోట పప్పులో కాలేశారు. నల్లబంతుల రంగు వెలిసిపోయిందనీ, ఒక డబ్బా రంగు కావాలనీ కత్తయ్య ఇరవై ఏళ్ళ కింద అడిగితే, అంత చిన్న పనికి రంగెందుకన్నారు. దాంతో అతను దీపం మసి నూనెలో కలిపి పూసేశాడు. అప్పటినుంచీ ప్రతి ఓటింగుకూ ముందు అదే పూత.

మసి తెల్ల గ్లవుజుకు అంటుతుంది. ఎక్కువేం కాదు, వేళ్ళ కొసన ఆవగింజంత. ఓటింగప్పుడు కొవ్వొత్తులే వెలుగుతాయి, సభ్యుల్లో సగం మందికి చత్వారం, సభ కాగానే గ్లవుజులు విప్పి బుట్టలో పడేస్తారు. వాటిని మర్నాడు ఉతికేది కత్తయ్య, అతని భార్యా. ప్రతి జతకీ లోపల ఎర్రదారంతో అంకె కుట్టి ఉంటుంది. అంటే లాడ్జి దాచిపెట్టుకున్న రహస్యమంతా ఇరవై ఏళ్ళుగా వెనకింటి నీళ్ళ తొట్టెలో తేలుతూనే ఉంది.

కత్తయ్య ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకున్న సాధువేమీ కాదు. గడియారాల దుకాణం అన్నదమ్ములున్నారు. తమ్ముడు చేరతానని దరఖాస్తు పెడితే నల్లబంతి పడింది. మర్నాడు మసి మరక అన్న గ్లవుజు మీదే కనిపించింది. తమ్ముడు ఎప్పుడో అందరి ముందూ తనను 'ఒరేయ్' అన్న కోపం కత్తయ్యకు ఉండనే ఉంది. గడియారం బాగుచేయించే నెపంతో వెళ్ళి, తమ్ముడికి నెమ్మదిగా ఉప్పందించి వచ్చాడు. నెల తిరక్కుండా దుకాణం మధ్యలో గోడ లేచింది. వాళ్ళ తల్లి ఒక పూట ఈ పక్క, ఒక పూట ఆ పక్క తిని, చివరికి ఎటూ తినక పోయింది. ఆ గోడ పక్కనుంచి నడిచినప్పుడల్లా కత్తయ్యకు లోపల చక్కిలిగింత పెట్టినట్టుండేది. ఆ సంగతి భార్యతో నవ్వుతూనే చెప్పుకునేవాడు.

తన ఓటింగు రోజున నల్లబంతులకు మసి రెండు పూతలు పూశాడు. ఎవరు కాదంటారో తెలియాలి కదా. తెల్లబంతులను మెత్తటి గుడ్డతో తుడిచి, అరలో అయిదేసి చొప్పున వరసగా పేర్చాడు. సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని, కత్తి భుజానికి ఆనించుకుని, తన గురించి తీర్పు జరుగుతున్న గదికి తనే కాపలా నిలబడ్డాడు.

గంటన్నర తర్వాత తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కటేనయ్యా. ఒకే ఒక్క నల్లబంతి. మన నియమం నీకు తెలుసు కదా."

కత్తయ్య తల ఊపాడు. ఆ తర్వాత పెద్దమనుషులు ఒక్కొక్కరే బయటికొస్తూ, పక్కవాడికి వినపడకుండా అతని చెవిలో ఒకే మాట చెప్పారు. "నేను మాత్రం కాదురా." కలప డిపో అధ్యక్షుడైతే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. గడియారాల అన్న పోయిన తన తల్లి మీద ఒట్టేశాడు. కర్ర లేకుండా నడవలేని తొంభై ఏళ్ళ మాజీ మేజిస్ట్రేటు అతని చెంప నిమిరి, "నేనలాంటివాణ్ణా?" అన్నాడు. పంతొమ్మిది మంది, పంతొమ్మిది సార్లు. ఇందులో పద్దెనిమిది మంది నిజం చెప్పారు, ఒకడు దొంగ అనుకున్నాడు కత్తయ్య. ఆ దొంగ అంకె రేపు పొద్దున్నే తొట్టె దగ్గర దొరుకుతుంది.

తెల్లవారగానే పెరట్లో పీట వేసుకుని బుట్ట బోర్లించాడు. ఒక్కో గ్లవుజూ వెలుతురుకు పట్టి, వేలు వేలూ తిప్పి చూశాడు. ఒకటో జత శుభ్రంగా ఉంది. రెండోదీ అంతే. డాక్టరుది, అధ్యక్షుడిది, మేజిస్ట్రేటుది, అన్నీ మల్లెపూలలా ఉన్నాయి. పంతొమ్మిదోది కూడా చూసి, మళ్ళీ ఒకటోదాని దగ్గర మొదలుపెట్టాడు.

"ఒక్క మరకా లేదా?" అంది భార్య. "అయితే ఇంకేం. అందరూ నీవాళ్ళేనన్నమాట. ఆ డాక్టరే లెక్క తప్పుంటాడు."

అతను లేచి హాల్లోకి వెళ్ళి పెట్టె తెరిచాడు. నల్లబంతుల మీద మసి చెక్కు చెదరలేదు. తెల్లబంతులు తను పేర్చినవి పేర్చినట్టే, అయిదేసి చొప్పున వరసగా ఉన్నాయి. నిన్న సాయంత్రం ఆ పెట్టెలో ఎవడూ చెయ్యి పెట్టలేదు. కత్తయ్య ఆ నలుపు తెలుపు గళ్ళ నేల మీద కూలబడ్డాడు. ఒకడు తనను ద్వేషించాడనుకుని రాత్రంతా ఉడికిపోయాడు కానీ, ఇప్పుడనిపించింది, ఆ ఒక్కడైనా ఉంటే ఎంత బాగుండేదని. కాదనడానికైనా వాళ్ళలో ఎవరూ వేలు కదపలేదు. పంతొమ్మిది మందీ చెవిలో చెప్పింది పచ్చి నిజమే.

అతను నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. కుర్చీలో ఒక లావుపాటి పేషెంటు నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. లాడ్జి సభ్యుడే, బియ్యం మిల్లు ఆయన. ఆయన ఎదుటే అడిగేశాడు కత్తయ్య.

"నిన్న ఓటింగు పెట్టలేదు కదండీ?"

డాక్టరు చేతిలో పనిముట్టు ఆగింది. "ఎవరు చెప్పారు?"

"తెల్లబంతులు నేను పేర్చినట్టే ఉన్నాయి."

డాక్టరు నిట్టూర్చాడు. దొరికిపోయినవాడి నిట్టూర్పు కాదు, పనికి అడ్డం వచ్చినవాడి మీద విసుగు.

"చూడు, నీ అంశం ఆఖర్న ఉంది. అవతల భోజనాల బల్ల మీద సూపు చల్లారిపోతోంది. అందరికీ ఆకలి. ఎలాగూ అయ్యే పని కాదని అందరికీ తెలుసు. ఓటింగు పెడితే పది పడతాయో పదిహేను పడతాయో, నీకు బాధ కదా? ఒక్కటంటే మర్యాదగా ఉంటుందని నేనే అన్నాను. నీ మంచికేనయ్యా."

"నాకు ఓటింగు కావాలండీ."

"పుస్తకం అచ్చయిపోతోంది. అందులో నీ గురించి ఒక వాక్యం కూడా రాశాను. ఒక్క నల్లబంతితో దరఖాస్తు తిరస్కరించబడింది అని. ఇప్పుడు ఏం తేలినా అది మారదు."

"మారకపోయినా సరే. నియమం ప్రకారం వెయ్యండి. ఎన్ని పడితే అన్ని పడనీండి. మూడొందల పేర్లు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం అడక్కూడదా?"

నోరు తెరుచుకుని పడుకున్న బియ్యం మిల్లు ఆయన గుడ్లు మిటకరించి చూస్తున్నాడు. డాక్టరు ముఖం గంటు పెట్టుకుని, "సరే. నియమం ప్రకారమే" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ఆ మాట పంతొమ్మిది మందికీ చేరింది. కాపలావాడు పెట్టె తెరిచి సోదా చేశాడట. మనల్ని అబద్ధాలకోరులన్నాడట. డాక్టరును పేషెంటు ముందు నిలదీశాడట. గోరంత కొండంత కావడానికి ఒక్క పూట చాలింది. 'పాపం' అన్న మనుషులే 'పొగరు' అన్నారు.

"మానుకో," అంది భార్య. ఈసారి ఆమె గొంతులో వెటకారం లేదు. "నువ్వడిగితే వాళ్ళు వేస్తారు. వేసి చూపిస్తారు. వద్దయ్యా, నా మాట విను."

అతను వినలేదు. రెండు వారాల తర్వాత, శతాబ్ది సభకు సరిగ్గా రెండు రోజుల ముందు, పెట్టె మళ్ళీ లోపలికి వెళ్ళింది. కత్తయ్య కత్తి పట్టుకుని తలుపుకు చెవి ఆనించాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో అలా ఆనించడం అదే మొదలు. లోపల అడుగుల చప్పుడు, తర్వాత చెక్క మీద చెక్క పడ్డ చిన్న చప్పుడు. ఒకటి. మళ్ళీ అడుగులు. రెండు. అతను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఒక్కొక్క చప్పుడూ ఒక్కొక్క పెద్దమనిషి తన కోసం కుర్చీలోంచి లేచి నడిచిన చప్పుడు. ఏ రంగుదైతేనేం, తన కోసం లేచారు. పదిహేడో చప్పుడికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పద్దెనిమిది. మేజిస్ట్రేటు కర్ర టకటకలాడింది, చాలాసేపు తడుముకున్నట్టున్నాడు. పంతొమ్మిది.

డాక్టరు తలుపు తీసి, "అదే ఫలితం" అని, మోచెయ్యి పట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. ఈసారి అతని చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. కత్తి పట్టుకున్నవాడు ఒకడు అక్కడ ఉన్నాడన్న సంగతే తెలియనట్టు, గ్లవుజులు బుట్టలో విసిరి ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు.

మర్నాడు పొద్దున భార్య లేవకముందే కత్తయ్య బుట్ట తీసుకుని తొట్టె దగ్గర కూర్చున్నాడు. ఒకటో జతకు మరక ఉంది. రెండో జతకు ఉంది. అధ్యక్షుడిది రెండు వేళ్ళకు అంటింది. డాక్టరుది బొటనవేలికి. గడియారాల అన్నది, బియ్యం మిల్లు ఆయనది, అన్నిటికీ ఉంది. మేజిస్ట్రేటు గ్లవుజుకైతే అరచెయ్యంతా మసే. ముసలాయన పాపం నల్లదే దొరకాలని అంతసేపు వెతుక్కున్నాడు. తెల్లబంతి వేసిన ఒక్క చెయ్యి కోసం పంతొమ్మిది జతలూ రెండుసార్లు తిరగేశాడు కత్తయ్య. లేదు. తర్వాత సబ్బు తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు.

నాలుగు జతలు అయ్యేసరికి భార్య వచ్చి వెనక నిలబడింది.

"ఎన్ని?" అంది.

"ఒకటే," అన్నాడతను, తలెత్తకుండా. "పుస్తకంలో కూడా అదే ఉంది."

ఆమె తొట్టెలో నీళ్ళ వైపు చూసింది. అవి నల్లగా, పలకలు కడిగిన నీళ్ళలా ఉన్నాయి. తొట్టె వంచి నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళు పట్టి, అతని పక్కన కూర్చుని అయిదో జత తీసుకుంది. మర్నాడే శతాబ్ది సభ. పంతొమ్మిది జతలూ తెల్లగా ఉండాలని కబురు వచ్చింది.